గంజి తాగిన కలువలు

మొన్న బిజినేపల్లిలో ఒక రైతు తన దిగుడుబావిలో నాచు తీస్తున్నాడు. వానలు వెనకబట్టాయి, నీళ్ళు తేరుకున్నాయి, నీళ్ళ మీద నాచు పండక్కి వచ్చిన అల్లుడిలా దర్జాగా పరుచుకుని ఉంది. అతను పొడుగాటి వెదురుకర్రకు నాచు చుట్టి ఒక్క గుంజు గుంజబోతుంటే, గట్టున నిలబడ్డ నా నోట్లోంచి నన్నడక్కుండానే ఒక మాట వచ్చేసింది.

"మెల్లగ! నూలు తెగుతది."

రైతు కర్ర ఆపాడు. నాచు వంక చూశాడు, నా వంక చూశాడు.

"పంతులూ, పొద్దుగాల ఏమన్న తిన్నవా లేదా?"

తిన్నానని చెప్పాను.

"మరి నూలేడుంది ఈడ?"

నూలు లేదు. ఆ మాట నాదీ కాదు. నాలుగేళ్ళ కింద గద్వాలలో నేనున్న ఇంటి ముసలాయనది. ఆయన పోయి రెండేళ్ళయింది. మనిషి పోయాడు గానీ మాటలు మాత్రం చోటు దొరక్క ఎవరి నోట్లోనో ఒకరి నోట్లో దూరి తిరుగుతున్నాయి. మొన్న నాది ఖాళీగా కనిపించినట్టుంది.

ఆయన పేరు రాయను. రాసినా లాభం లేదు, ఆ వీధిలో ఎవరికీ ఆ పేరు తెలియదు. ఇంట్లో ముసలాయన, వీధిలో హౌజు ముసలాయన, నాకు తాత.

నేను వీపనగండ్ల దగ్గర సేద్యం చేసుకునే ఇంటివాణ్ణి. బడిపంతులు పని దొరికి గద్వాల వెళ్ళినప్పుడు మగ్గాల వీధిలో ఒక నేత ఇంటి వెనక గదిలో దిగాను. పెట్టె దించుకుంటుంటే ఎవరో వెనక నుంచి నా అంగీ అంచు పట్టుకున్నారు. తిరిగి చూస్తే పొట్టిగా, ఎండిన చింతకాయలా ఒక ముసలాయన. నా అంగీ గుడ్డను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రెండుసార్లు నలిపాడు.

"మిల్లు గుడ్డ," అన్నాడు. తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మూడో రోజు మా అమ్మ పెట్టి పంపిన దుప్పటి ఎండలో ఆరేశాను. దాని అంచునూ వదల్లేదు, నలిపి చూశాడు.

"ఎవరు నేసిండ్రు?"

"మా దిక్కోళ్ళే తాతా, పాన్‌గల్ల."

"రెండు పోగులు తప్పిండు. అయినా మనిషే."

ఆ 'మనిషే' అన్నది పాన్‌గల్ నేతగాడినో నన్నో తెలియలేదు గానీ, ఆ రోజు నుంచి మా మధ్య మాటలు కలిశాయి.

ఆయనకు చూపు మందగించిందని వీధంతా అనేది. ఆయన మాత్రం గద్వాలలో వెలుతురు తగ్గిందనేవాడు. "ఎనకటి ఎండ గాదిది పంతులూ. ఎండల గూడ కల్తీ కలిపిండ్రు." ఒకరోజు పక్కింటి మేక గుమ్మంలోకొస్తే కొడుకనుకుని "వచ్చినవా నాయినా" అని పలకరించాడు. మేక జవాబివ్వలేదు. "వీనికి పొగరెక్కువైంది" అని ఆ రోజు సాయంత్రం దాకా కొడుకుతో మాట్లాడలేదు. ఆ కొడుకు నెమ్మదైనవాడు. తానేం తప్పు చేశాడో తెలుసుకోకుండానే రెండుసార్లు క్షమించమని అడిగాడు.

యాభై ఏళ్ళు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషి. చూపు తగ్గాక అంచులో పోగులు తప్పడం మొదలైంది. ఎవరూ పైకి అనలేదు. తండ్రి అన్నానికి లేచినప్పుడల్లా కొడుకు చప్పుడు చేయకుండా వచ్చి, తప్పినంత మేర విప్పి సరిగ్గా నేసి పెట్టేవాడట. ఒకనాడు ముసలాయన చెయ్యి కడుక్కుని వచ్చి మగ్గం మీది గుడ్డను వేళ్ళతో తడిమాడు. తాను నేసినదానికంటే బాగుంది. దానితో సంగతి తెలిసిపోయింది. మగ్గం దిగాడు, మళ్ళీ ఎక్కలేదు. ఆ ఇంట్లో నవ్వకుండా చెప్పుకునే కథ ఇదొక్కటే.

నేత ఇంట్లో చోటు లేని మనిషి ఉండడు. ఒకరు మగ్గం మీద, ఒకరు గంజి దగ్గర, ఒకరు రాట్నం ముందు. మగ్గం దిగినవాడికి మిగిలేది రాట్నమే. అక్కడ కూర్చుని, మగ్గం మీద అటూ ఇటూ తిరిగే నాడెలో పెట్టే కండెలకు నూలు చుట్టాలి. అయితే రాట్నం ముసలాయన భార్య, ఆ ఇంటి అవ్వ రాజ్యం. ఆమె రాయచూరు వైపు ఆడబిడ్డ. కోపం ముదిరితే 'సాకు!' అనేది. సాకు అంటే కన్నడంలో చాలు అని. ఆమె సాకు అన్నాక ఆ ఇంట్లో గోడ మీది బల్లి కూడా మాట్లాడేది కాదు.

ఆయన మగ్గం దిగిన రోజు ఆమె పక్కకు జరిగి చోటిచ్చిందట.

"రా, కూసో. నలభై ఏండ్లు నువ్వు కండె కండె అని అరిచినవ్, నేను చుట్టిచ్చిన. ఇగ నేను అరుస్త, నువ్వు చుట్టు."

ఆయన అటు నుంచి అటే పెరట్లోకి పోయి నీళ్ళ హౌజు మెట్టు మీద కూర్చున్నాడు. ఆ తర్వాత ఆయన చిరునామా అదే.

ఆ హౌజు రెండు నులకమంచాలు పక్కపక్కన వేసినంత ఉంటుంది. రాతికట్టు, నడుములోతు. నూలు నానబెట్టడానికి ఆయన తండ్రి కట్టించాడు. రంగు నూలు బజారులో తయారుగా దొరకడం మొదలయ్యాక దాని పని పోయింది. అప్పుడు అవ్వ పుట్టింటి నుంచి నాలుగు ఎర్రకలువ గడ్డలు తెచ్చి అందులో పడేసింది. పడేసి మర్చిపోయింది. ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి అవి ఏటా చక్కగా పూశాయి.

ఇప్పుడు పట్టించుకునేవాడు వచ్చాడు.

పొద్దున్నే వెళ్ళి మెట్టు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టేవాడు. నీళ్ళలో ఆ కాళ్ళు ఊరికే ఉండేవి కావు. మగ్గం తొక్కినట్టే ఒకటి దిగేది, ఒకటి లేచేది. పండిన ఆకులను వేళ్ళతోనే వెతికి, కాడ ఎక్కడ మెత్తబడిందో తడిమి తుంచేవాడు. నాచును కర్రతో గుంజేవాడు కాదు. నూలు తోడినట్టు రెండు చేతుల మీదికి తోడి, చుట్టలుగా లడులు కట్టి గోడ మీద వరసగా ఆరేసేవాడు. వీధిలో కొత్తవాళ్ళు పచ్చనూలు అనుకుని ఎవరి కోసమని అడిగేవారు. నేను సాయానికి చెయ్యి పెడితే చాలు, "మెల్లగ, నూలు తెగుతది!" గబగబా అన్నం తింటున్నా అదే మాట. పక్కింట్లో మొగుడూ పెళ్ళాలు అరుచుకుంటున్నా గోడ మీదుగా అదే మాట.

ఆ ఏడు బతుకమ్మ చివరిరోజున వీధి ఆడవాళ్ళకు వాగు దాకా నడవడం బద్ధకమైంది. ఆడి పాడి, బతుకమ్మలన్నీ తెచ్చి మా హౌజులో వదిలారు. దసరా మర్నాటికి తంగేడు, గునుగు, గుమ్మడి ఆకులు అన్నీ కలిసి పులుసులా తయారయ్యాయి. ముసలాయన చెయ్యి ముంచి, బయటికి తీసి, వాసన చూశాడు.

"పోగు తప్పింది," అన్నాడు.

నాలుగు రోజులు ఇల్లంతా ఆయన చేతిలో పడింది. నీళ్ళు తోడించాడు. కలువ గడ్డలు తీయించాడు. ఆ తర్వాత అడుగున ముప్ఫై ఏళ్ళుగా పేరుకున్న నల్ల బురదను తట్టలతో ఎత్తి గోడవార కుప్పపోశాడు. అడుగు రాళ్ళను కొబ్బరిపీచుతో తోమాడు. కలువ గడ్డలను, సాక్షాత్తు నూలును జాడించినట్టు, మూడు నీళ్ళలో జాడించాడు. వేళ్ళ సందున ఒక్క మట్టి రేణువు ఉండనివ్వలేదు. పడుగు పోగులు పరిచినట్టు ఈ గోడ నుంచి ఆ గోడకు దారాలు కట్టి, గడ్డలను వాటికి వరుసగా, జానెడు జానెడు దూరంలో కట్టి, బావి నీళ్ళతో హౌజు నింపాడు.

"చూడు పంతులూ. సూది పడితే కనపడ్తది."

సూది సంగతి అటుంచి, ఆయనకు నేనే సరిగ్గా కనపడను. అయినా నిజమే, అంత తేట నీళ్ళు నేనెక్కడా చూడలేదు. నేను రైతు కొడుకును. చెరువు చూసి పెరిగినవాణ్ణి. ఉండబట్టలేక చెప్పాను.

"తాతా, కలువకు బురద ఉండాల. బురదల్నే అది బతుకుతది."

ముందు కొడుకు నవ్వాడు. రాట్నం దగ్గర అవ్వ నవ్వింది. ముసలాయన అయితే పొట్ట పట్టుకున్నాడు.

"మంచిగ చెప్పినవ్! బురద తీసేస్తే బురద గావాలంటడు. చిన్నప్పుడు నేను పని మీద కోటల పోయి ఆడి హౌజు చూసిన. అడుగున రాయి అద్దం లెక్క కనపడ్తది."

"దాంట్ల కలువలున్నయా తాతా?"

"లేవు. గంత శుభ్రంగ ఉన్నంక కలువలెందుకు?"



తప్పు నాదే. ఆ ఇంట్లో దిగిన నాటి నుంచి ఒక్క మాటా తిన్నగా చెప్పినవాణ్ణి కాను. పొయ్యి రాజుకోకపోతే కట్టెలకు సెలవిచ్చారా అనేవాణ్ణి. ఎవరికైనా జ్వరమొస్తే, నా బడికి రాకుండా ఇక్కడికొచ్చినందుకు దాన్ని మెచ్చుకునేవాణ్ణి. ఇలాంటివాడు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక నిజం చెబితే, వినేవాళ్ళు అది కూడా ఆ లెక్కలోనే వేసుకున్నారు. రెండోసారి చెప్పాను, ఇంకా గట్టిగా నవ్వారు. మూడోసారి చెప్పలేదు. చెప్పి ఉంటే అవ్వకు పొలమారేది.

వారం తిరగకుండా కలువ ఆకులు మెత్తబడ్డాయి. అంచులు లోపలికి ముడుచుకున్నాయి. ముసలాయన ఒక్కొక్క ఆకునూ వేళ్ళ మధ్య పెట్టి నలిపి చూసి, రోగం కనిపెట్టాడు.

"పస లేదు. గంజి తక్కువైంది."

మగ్గమెక్కే నూలుకు గంజి పడితేనే బలం. ఆయన జన్మలో మెత్తబడ్డదేదైనా గంజితోనే గట్టిపడింది. కాబట్టి అవ్వ పడుగు కోసం కాచిపెట్టిన గంజిలోంచి ఒక కుండ దించుకుని, గుడ్డలో వడగట్టి, గంజి పూసే పెద్ద కుంచె తీసుకుని హౌజులోకి దిగాడు. ఒక్కొక్క ఆకునూ అరచేతి మీద పరుచుకుని, పైన ఒక పూత, కింద ఒక పూత. మిగిలిన గంజి గడ్డల మొదట్లో పోశాడు. మూడు రోజులు, పూటకు ఒక కుండ.

"అవ్వా, తాత కలువలకు చీర కట్టేటట్టున్నడు," అన్నాను.

"నాకు కట్టలే గని!" అంది అవ్వ. "పెండ్లయినప్పటి సంది నా మొకం ఇంత దగ్గరికెళ్ళి చూసిండా అడుగు."

నాలుగో రోజు హౌజు పులిసింది. అయిదో రోజు బుడగలు వచ్చాయి. ఆరో రోజు కప్పలు సంసారం ఎత్తుకుని పక్క పెరటికి వెళ్ళిపోయాయి. దీపావళి నాడు ఇంటికొచ్చిన చుట్టం గుమ్మంలోనే ఆగి, కుడితి తొట్టి ఒలికిందా అని మర్యాదగా అడిగాడు. నేను బడి పిల్లల దగ్గరికి కాస్త ముందే బయల్దేరడం మొదలుపెట్టాను. బడిలో నా మీద సదభిప్రాయం ఏర్పడింది.

ఆ చుట్టం వెళ్ళాక కొడుకు వచ్చి హౌజు మెట్టు మీద తండ్రి పక్కన కూర్చున్నాడు.

"నాయినా, ఒక మాట అంట. కోపానికి రాకు. రెండో మగ్గానికి మనుషులు దొరుకుతరు, ఇంట్ల చోటే లేదు. ఇల్లంత తిరిగి చూసిన. ఈ హౌజు పూడిస్తే మగ్గం పడ్తది, పైన కప్పు ఏసుకోవచ్చు. నువ్వు అమ్మ కాడ నీడపట్టున కూసుందువు."

అతను చెప్పినదాంట్లో తప్పు లేదు. అదే చిక్కు. తప్పుంటే ముసలాయన అరిచేవాడు. ఆయన కాళ్ళు నీళ్ళలో ఆడటం మానేశాయి. హౌజు పోతే ఆయనకు పోయేది కలువలు కాదు. ఉదయం లేచి "పనికి పోతున్న" అని చెప్పి వెళ్ళడానికి ఒక చోటు పోతుంది. ఇక రోజంతా రాట్నం, అవ్వ అరుపులు, మగ్గం నుంచి వచ్చే కొడుకు నాడె చప్పుడు.

"కార్తీక పున్నమి దాక ఆగు," అన్నాడు చివరికి. "పున్నమికి పువ్వు లేకుంటే, ఎవ్వరు గాదు, నా చేత్తోటి నేనే మట్టి పోస్త."

"అట్లనే నాయినా."

పదిహేను రోజులు ఆయన చేయనిది లేదు. పులిసిన నీళ్ళు తోడించాడు, మళ్ళీ తేట నీళ్ళు పట్టించాడు, గడ్డలను మళ్ళీ జాడించాడు. దారాలు బిగించాడు. పొద్దున్నే మెట్టు మీద కూర్చుని, "లేస్తున్నయా?" అని నన్నడిగేవాడు. ఎవరైనా ఆ ముఖం చూసి అబద్ధం చెబుతారు. నేనూ చెప్పాను. హౌజులో మిగిలినవి మూడాకులు. గోడవార బురద కుప్ప మీద మాత్రం అవ్వ ఊరికే గుచ్చిన చిక్కుడు గింజలు మోకాలెత్తు లేచి ఊగుతున్నాయి. చూసేవాడుంటే అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఉన్న ఒక్క చూసేవాడి మాటకు ఇంట్లో విలువ లేదు.

పున్నమి వచ్చింది. పువ్వు రాలేదు.

ముసలాయన పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, తట్టా పారా తీసుకున్నాడు. కొడుకు పరేషానై ఎదురొచ్చాడు.

"నాయినా, నువ్వెందుకు? పనోళ్ళను పిలుస్త."

"మాట ఎవరిచ్చిండ్రు? పనోళ్ళిచ్చిండ్రా?"

నీళ్ళు మోకాలి దాకా తోడించి లోపలికి దిగాడు. ముందు దారాలు విప్పాడు. "కట్టేసి పూడ్చద్దు పాపం" అని ఒక్కొక్క గడ్డనూ ముడి విప్పి, మొలక పైకి ఉండేటట్టు నిలబెట్టాడు. ఇక మట్టి కావాలి. దగ్గరలో ఉన్న మట్టి ఆ గోడవారదే. తట్ట నింపబోతే అవ్వ లేచింది.

"నా చిక్కుడు!"

ఆయన చిక్కుడు మొక్కలను ఒక్కొక్కటే తవ్వి, పక్కన నాటి, నీళ్ళు పోసి, అప్పుడు బురద ఎత్తాడు. పూడ్చే మట్టి ఎలాగున్నా ఫరవాలేదని ఇంకెవరైనా అనుకుంటారు. ఈయన మట్టిగడ్డలు చిదిపాడు, రాళ్ళేరాడు, జల్లించాడు. "ఉండలుండనిస్తే పని చెడ్తది." తట్ట తరువాత తట్ట పోసి, కాళ్ళతో తడుముతూ, ఎక్కడా ఎత్తూ పల్లం లేకుండా పరిచాడు. కలువ గడ్డల చుట్టూ మాత్రం చేత్తో అదిమాడు. మధ్యాహ్నానికి మోచేయి లోతు బురద పడింది. కుప్ప అయిపోయింది.

నేను గట్టున నిలబడి ఉన్నాను. ఒక్క చమత్కారమూ తోచలేదు. నా పుట్టుకకే మచ్చ.

మునిమాపున అవ్వ కార్తీక దీపాలు పెడుతూ ఒకటి తెచ్చి హౌజు మెట్టు మీద పెట్టింది. ఆయన పక్కన నిలబడ్డాడు. ఆమె చూడకుండానే అంది:

"గాలొస్తది. చెయ్యి అడ్డం పెట్టు."

పెట్టాడు. అంతలో పక్కింటి మేక వచ్చి పూజకు తెచ్చిన పత్రి తినేసింది గనక, ఎవరూ ఏడవవలసిన అవసరం రాలేదు.

మిగతా మట్టి బండ్ల మీద రావాలి. బండ్లన్నీ వరికోతల్లో ఉన్నాయి. కోతలయ్యాక చూద్దామని కొడుకు హౌజులో నీళ్ళు అలాగే వదిలేశాడు. ముసలాయన వెళ్ళి రాట్నం దగ్గర కూర్చున్నాడు.

అప్పుడు మొదలైంది అవ్వ కష్టకాలం. ఆయన చుట్టిన కండె పూటకొకటి. ఆమె చుట్టినవన్నీ వేళ్ళతో నొక్కి చూసి పక్కన పెట్టేవాడు.

"ఇది వదులు. ఇది గూడ వదులు."

"నలభై ఏండ్లు గీ కండెలతోనే నేసినవ్ గద!"

"అందుకే గంత కష్టపడ్డ."

"సాకు!" అని అరిచేది. ఆయన మీద ఆ మాట మొదటిసారి పనిచేయలేదు. చేతిలో కండె ఉన్నవాడు దేనికీ భయపడడు.

ఇరవై రోజులు గడిచాయి. ఒక ఉదయం ముఖం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళి హౌజు వంక చూశాను. నీళ్ళలోంచి ఒక ఎర్రటి ఆకు లేస్తోంది, సన్నగా, కండె చుట్టినట్టు చుట్టుకుని. దాని పక్కన ఇంకోటి. లెక్కపెడితే తొమ్మిది. లోపలికి పరుగెత్తాను.

"తాతా! ఆకులు లేసినయ్!"

అందరూ నవ్వారు.

నేను నవ్వలేదు. నేను నవ్వకపోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ చూడలేదు గనక, దానికి భయపడి అందరూ లేచారు. ముసలాయన వచ్చి మెట్టు మీద కూర్చుని నీళ్ళలో చెయ్యి పెట్టాడు. వెతికాడు. ఒక ఆకు అంచు దొరికింది. దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చాలాసేపు నలిపాడు.

"మిల్లుది కాదు," అన్నాడు.

మార్గశిరం నడిమికి మొగ్గ వచ్చింది. ఒక తెల్లవారి చూస్తే అరచేయంత పువ్వు విచ్చుకుని ఉంది, గద్వాల చీర అంచుకు మాత్రమే పట్టే ఎరుపు. అందరం హౌజు చుట్టూ నిలబడ్డాం. కొడుకు గొంతు సవరించుకున్నాడు.

"నాయినా, మరి… పున్నమి దాటింది గద."

"నూలు నానాల. గంజి పట్టాల. ఎండాల. అప్పుడు మగ్గమెక్కాల. గంత పని పున్నమికే అయితదా? నువ్వు నేతగానివేనా?"

కొడుకు పువ్వు వంక చూశాడు. మాట మాటే, గడువు గడువే అని అతని ముఖమే చెబుతోంది. ముసలాయన చెయ్యి ఇంకా నీళ్ళలోనే ఉంది. అప్పుడు అవ్వ ముందుకొచ్చింది.

"పున్నమి లేదు, అమాస లేదు. ఈయన్ని ఈ హౌజు కాడనే కూసోనియ్యి. నా కాడికి తోలినవో, నీ మగ్గానికి కండె ఒక్కటి గూడ రాదు. సాకు!"

"ఏడ పెట్టాల్నే అమ్మా మగ్గం? నెత్తి మీద పెట్టుకోవాల్నా?"

ఇలాంటి చోట నోరు మూసుకుని ఉండటం నా జాతకంలో లేదు.

"గంతగనం అయితే నా గదిల తవ్వుకోండ్రి," అన్నాను. "నేను మగ్గం మీద పండుకుంట."

ఎవరూ నవ్వలేదు.

కొడుకు నా గది వైపు చూశాడు. లోపలికి వెళ్ళి అడుగులతో కొలిచాడు. బయటికొచ్చిన ముఖంలో అన్నాళ్ళూ చూడని వెలుగు. "సరిపోతది అమ్మా! మర్యాద గాదని అడగలే గని, నాకు మొదటి సంది మనసుల ఉండె. పంతులు దేవుని అసుంటోడు." అని నా చేతులు పట్టుకున్నాడు. నిజం చెప్పినప్పుడు నవ్విన ఇల్లు, నవ్వులాటకన్న మాటను నిజం చేసి కూర్చుంది. నాలుగో రోజుకు నా మంచం ఉన్నచోట నడుములోతు గుంత ఉంది. నేను కోట వెనక వీధిలో ఇంకో గది వెతుక్కున్నాను.

నవ్వులాటకే అన్నానని ఇప్పటికీ అంటాను. ఎవరూ అడగరు గానీ, అంటాను.

కిందటేడు కాక అంతకుముందు ఏడు నాకు బిజినేపల్లికి బదిలీ అయింది. వెళ్ళొస్తానని చెప్పడానికి పోతే ముసలాయన హౌజు మెట్టు మీదే ఉన్నాడు. మళ్ళీ ఆశ్వయుజం, పండుటాకులు తుంచే రోజులు. హౌజు నిండా ఆకులే, నీళ్ళు కనిపించలేదు. కాళ్ళు నీళ్ళలో ఒకటి దిగుతోంది, ఒకటి లేస్తోంది. తడిగుడ్డలో చుట్టిన ఒక కలువ గడ్డ నా చేతిలో పెట్టాడు. అలవాటుగా నా అంగీ అంచు పట్టుకుని నలిపాడు. మిల్లుదే. అయినా దగ్గరికి రమ్మన్నాడు.

"పంతులూ, ఒక్క మాట చెప్త విను. నవ్వకు. కలువకు బురద గావాల. బురదల్నే బతుకుతది అది. యాభై ఏండ్లు పని చేసినంక నాకు తెలిసింది. రైతు కొడుకువు, నీకు గూడ తెల్వదు."

"తెల్వదు తాతా," అన్నాను.

"తెల్వదనే చెప్తున్న," అన్నాడు తృప్తిగా.

ఆ మాఘంలోనే పోయాడని కబురొచ్చింది. కాళ్ళు నీళ్ళలో ఉండగానే అని అన్నారు. కొడుకు కాసేపు తెలుసుకోలేదట. నెమ్మదైనవాడు. పిలిచి, పలకకపోతే అలిగాడనుకుని, అలవాటుగా రెండుసార్లు క్షమించమని అడిగాడట.

ఆయనిచ్చిన గడ్డ మా ఇంటి ముందు పగిలిన గాబులో ఉంది. ఈ ఏడు నాలుగు పువ్వులు పూసింది. ఇదెట్లా పెంచారని దారినపోయేవాళ్ళు అడుగుతారు. బురద వేయాలని నేను చెబితే నవ్వుతారు. గద్వాల ముసలాయన ఒకాయన చెప్పాడంటే, తలలూపి వెళ్తారు.

ఈ కథంతా ఆ బావి గట్టున రైతుకు చెప్పాను. అతను కర్ర మీద గడ్డం ఆనించి చివరిదాకా విన్నాడు.

"అయితే బురద సంగతి ముందుగాల చెప్పింది నువ్వంటవ్?"

"నేనే."

"నీ మాటలకేంది పంతులూ!" అని పకపకా నవ్వి, కర్ర నీళ్ళలో ముంచాడు. నాచు చుట్టుకుంది. గుంజబోయి, ఆగి, ఒకసారి నా వంక చూసి, కర్రను మెల్లగా తిప్పుతూ పైకి తీశాడు. బారెడు పొడుగున పచ్చగా వచ్చింది.

తెగలేదు.